బైబిలు తెరిస్తే ఆవలింత, మందిరంలో కూర్చుంటే గడియారం మీద చూపు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. రాజమండ్రి దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో పని చేస్తున్నాను. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. సండే స్కూలు నుంచీ సంఘంలోనే పెరిగాను. పదిహేడేళ్లప్పుడు యూత్ క్యాంపులో రక్షణ అనుభవం పొంది బాప్తిస్మం తీసుకున్నాను. ఏడాదిగా ఏదీ రుచించడం లేదు. ఏడాదిలో బైబిలు పూర్తి చేద్దామని జనవరిలో మొదలుపెట్టి నిర్గమకాండంలో ఆగిపోయాను. మోకరించిన ఐదు నిమిషాలకే చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఆదివారం ఆరాధన మూడు గంటలు. ఏ పాట తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు. పాస్టర్ గారితో చెబితే "దాచిపెట్టిన పాపం ఏదో ఉంటుంది, చూసుకో" అన్నారు. స్నేహితులేమో "నీకు సేవకు పిలుపు ఉంది, అందుకే ఉద్యోగం రుచించడం లేదు, మానేసి బైబిల్ కాలేజీలో చేరు" అంటున్నారు. కొత్త సంవత్సరం రాత్రి సంఘంలో పంచిన వాగ్దాన కార్డుల్లో నాకు వచ్చిన వచనం యిర్మీయా 29:11, మన విషయంలో తన ఉద్దేశాలు మేలైనవేనని దేవుడు చెప్పే మాట. ఆ ఉద్దేశమేమిటో నాకు తెలియడం లేదు. నా విశ్వాసం చచ్చిపోయిందంటారా? (పేరు వద్దన్న సోదరుడు)

సమాధానం:

ప్రియ సోదరా, వందనాలు.

చచ్చిపోయిన విశ్వాసం ఇలా ఉత్తరం రాయదు. ఆ భయం పక్కన పెట్టండి. ఉద్యోగం మానేసే ఆలోచన కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి. విసుగులో ఉన్నప్పుడు తీసుకునే పెద్ద నిర్ణయం పిలుపుకు జవాబు కాకపోవచ్చు. అది చాలాసార్లు ఉన్నచోటి నుంచి పారిపోవడమే అవుతుంది.

ముందు ఒకటి తేల్చుకోవాలి. విసుగు ప్రార్థన దగ్గరేనా, అన్నిటి దగ్గరా? బిర్యానీ రుచిస్తోందా, క్రికెట్ చూడాలనిపిస్తోందా, పాప పరిగెత్తుకొస్తే ఎత్తుకోవాలనిపిస్తోందా? ఇవన్నీ బాగానే ఉండి వాక్యం, ప్రార్థన, ఆరాధన మాత్రమే చప్పగా ఉంటే అది ఆత్మీయమైన విసుగు. దాని సంగతి కింద రాస్తాం. అలా కాక రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ తారుమారవడం, బతికి ఏం లాభమన్న ఆలోచనలు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా, బి12 తగ్గినా కూడా మనిషి ఇలాగే నీరసపడిపోతాడు, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. మానసిక ఇబ్బందైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. మార్చి నెలాఖరు లెక్కలు, ఆడిట్, టార్గెట్లు చూసుకుని రాత్రి పదకొండుకు ఇల్లు చేరే మనిషికి ఉదయం ఐదింటికి ప్రార్థనలో నిద్ర వస్తే దానికి మందు నిద్రే.

ఇక పాస్టర్ గారి మాట. ఆయన అడిగిన ప్రశ్న అడగవలసిందే. పాపం ఒప్పుకోకుండా మౌనంగా ఉన్నప్పుడు "నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను" అని 32వ కీర్తనలో దావీదే చెప్పుకున్నాడు. కాకపోతే దాచిపెట్టిన పాపం నెలల తరబడి వెతికితేగాని దొరకని వస్తువు కాదు. ఉంటే అది ఏమిటో ఈ మాట చదువుతుండగానే మీకు గుర్తొచ్చి ఉంటుంది. గుర్తొస్తే దేవుని దగ్గర ఒప్పుకోండి, ఎవరికైనా నష్టం జరిగి ఉంటే సరిచేయండి, నోరు జారని ఒక పెద్దతో చెప్పండి. ఏదీ గుర్తురాకపోతే తవ్వడం ఆపేయండి. లేని పాపం కోసం తనను తానే రోజూ సోదా చేసుకునేవాడికి దేవుడంటే ప్రేమ పోయి అనుమానం మిగులుతుంది.

మీరు చెప్పిన లక్షణాలు చాలా పాతవి. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో గదుల్లో ఒంటరిగా ఉండి ప్రార్థించే సన్యాసులు ఉండేవారు. వారిలో ఎవాగ్రియస్ అనే ఆయన (క్రీ.శ. 399లో చనిపోయాడు) ఈ జబ్బును దగ్గర నుంచి చూసి రాసిపెట్టాడు. 91వ కీర్తనలో మనం "మధ్యాహ్నమందు పాడుచేయు రోగము" అని చదువుతామే, ఆ మాటను పట్టుకుని దీనికి మధ్యాహ్నపు దయ్యమని పేరు పెట్టారు. అది పొద్దున పదింటి నుంచి రెండింటి దాకా మీద పడుతుందట. సూర్యుడు కదలనట్టే ఉంటాడు, పగలు యాభై గంటలున్నట్టుంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు: భోజనం వేళ అయిందా, ఎవరైనా సోదరుడు ఇటు వస్తున్నాడా అని. తర్వాత ఆ చోటంటే అసహ్యం, చేతిలో పనంటే అసహ్యం. ఆపైన "ఇక్కడ సోదరుల్లో ప్రేమ లేదు" అన్న ఆలోచన వస్తుంది. చివరికి "దేవుణ్ణి ఎక్కడైనా ఆరాధించొచ్చు కదా, ఇంకో చోటికి పోతే పని తేలిక, ఫలితం ఎక్కువ" అని తోస్తుంది. కిటికీ ఉన్నచోట ఫోను పెట్టి చదవండి, మీ ఉత్తరమే అది.

దానికి వాళ్లు చేసిన వైద్యం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కొత్త అనుభవం కోసం ఎవరూ వెతకలేదు. గది వదలకూడదు, చేతిపని ఆపకూడదు, కొద్దికొద్దిగా తరచూ ప్రార్థించాలి. ఆంతోనీ అనే పెద్దాయన ఇదే విసుగులో ఉండగా తనలాంటి మనిషే ఒకడు కూర్చుని తాడు పేనుతూ, లేచి ప్రార్థన చేస్తూ, మళ్లీ కూర్చుని పేనుతూ కనబడ్డాడనీ, "ఇలా చెయ్యి, బతుకుతావు" అన్న మాట వినబడిందనీ వాళ్లు చెప్పుకునేవారు. ఎవాగ్రియస్ ఇంకో ఉపాయం చెప్పాడు: మనసును రెండు చేసి, ఒక సగంతో రెండో సగాన్ని ఓదార్చడం. 42వ కీర్తన చేసేది అదే. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని పైకి అడగండి, మీ పేరు పెట్టి మరీ. మొదట వింతగా ఉంటుంది.

ఇప్పుడు బైబిలు సంగతి. మీరు నిర్గమకాండంలో ఆగిపోవడం మీ తప్పు కాదు, లెక్కలోనే ఉంది. బైబిలులో 1,189 అధ్యాయాలు. 365 రోజులకు పంచితే రోజుకు మూడుంపావు. జనవరి 1న మొదలుపెట్టినవాడు 23వ తేదీకల్లా నిర్గమకాండము 25వ అధ్యాయానికి చేరతాడు. అక్కడి నుంచి ఆరాధన గుడారానికి తెరలు, పలకలు, దిమ్మలు, మూరల కొలతలు. వెంటనే లేవీయకాండం. ఎందుకు చదువుతున్నామో తెలియకుండా ఆ అధ్యాయాల్ని పరుగు మీద దాటాలంటే ఎవరికైనా కష్టమే. మధ్యలో ఒకరోజు తప్పితే మర్నాడు ఆరున్నర, రెండు రోజులు తప్పితే పది దాకా. బాకీ పెరిగి పుస్తకం మూతపడుతుంది. ఈఎంఐలు తప్పిన ఖాతా ఎలా మొండిబకాయి అవుతుందో మీకు వేరే చెప్పాలా?

కాబట్టి ఆ పథకం రద్దు చేసుకుని మార్కు సువార్త తీసుకోండి. పదహారే అధ్యాయాలు. మొదట ఒక సెలవు రోజు గంటన్నర కేటాయించి ఒకే బిగిన మొత్తం చదవండి, కథ చదివినట్టు. వీలైతే వాడుక భాషలో వచ్చిన అనువాదం చదవండి. మనలో చాలామందికి పాత అనువాదం చిన్నప్పటి నుంచి చెవిలో ఉండి, కన్ను వాక్యం మీద జారిపోతుంది. తెలిసినట్టే ఉంటుంది గాని ఏం చదివామో గుర్తుండదు. మర్నాటి నుంచి రోజుకు పన్నెండు వచనాలు చాలు. మార్కులో దాదాపు 680 వచనాలు, ఎనిమిది వారాల్లో అయిపోతుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజూ మూడే రాయండి: ఇందులో ఎవరు ఎవరితో ఏమన్నారు, నాకు అర్థం కానిది లేక మింగుడు పడనిది ఏది, దీన్ని బట్టి ఈరోజు దేవునితో అనవలసిన ఒక్క మాట ఏది. రెండోదాన్ని దాటెయ్యకండి. సండే స్కూల్లో పెరిగినవాళ్లు ప్రశ్న అడగడం మానేసి చాలాకాలం అవుతుంది, వాళ్ల విసుగులో సగం అక్కడిదే. 11వ అధ్యాయంలో అంజూరపు పండ్ల కాలం కాదని మార్కే చెబుతూ, ఆ చెట్టును యేసు ఎందుకు శపించాడో రాశాడా? ఒక్కసారి అక్కడ ఆగి, ముందూ వెనకా ఉన్న దేవాలయం సంగతితో కలిపి చదవండి. ఆవలింత ఆగిపోతుంది.

ఒక రోజు తప్పితే తప్పినట్టే, బాకీ మోయకండి. ఆ రోజు భాగం నుంచే మర్నాడు మొదలుపెట్టండి. మొదటి వారం ఉత్సాహంగా ఉందని పన్నెండును నలభై చేయకండి. రెండో వారంలో పడిపోయేవాళ్లలో ఎక్కువమంది మొదటి వారంలో పెంచినవాళ్లే. మార్కు అయ్యాక హెబ్రీ పత్రిక చదివి, అప్పుడు నిర్గమకాండానికి తిరిగి రండి. ఆ తెరలు, దిమ్మలు అక్కడ ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది.

ప్రార్థనకు మొత్తం ఇరవై నిమిషాలు పెట్టుకోండి, అంతకు ఎక్కువ వద్దు. ఫోను వేరే గదిలో ఛార్జింగులో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకోవడం పనికిరాదు. బైబిలు యాప్ ఉందన్న సాకు కూడా వద్దు, అచ్చు పుస్తకం తీసుకోండి. మోకాళ్ల మీద నిద్ర వస్తే నడుస్తూ ప్రార్థించండి, పైకి వినబడేలా. ముందు ఒక కీర్తన చదవండి. మొత్తం 150 కాబట్టి రోజుకు ఒకటైతే ఐదు నెలలు. 119వది మాత్రం 176 వచనాలు, దాన్ని ఎనిమిది వచనాల ముక్కలుగా 22 రోజులకు పంచుకోండి. ఆ రోజు కీర్తన సంతోషంగా ఉండి మీరు విసుగ్గా ఉంటే, ఆ సంతోషం అవసరమైన ఇంకెవరి కోసమో చదవండి. తర్వాత ప్రభువు ప్రార్థన, ఒక్కో మాట దగ్గర ఆగుతూ. గబగబా అంటే అర నిమిషం పడుతుంది, ఆగుతూ అంటే పది నిమిషాలు. "మా అనుదినాహారము" దగ్గర మీ ఇంటి ఖర్చులు, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆఫీసులో మీకు గిట్టనివాడి పేరు. చివర ముగ్గురి కోసం విజ్ఞాపన, రోజుకు ముగ్గురే. వారానికి ఇరవై ఒక్క పేర్లు అవుతాయి. యాభై పేర్ల జాబితా చదవడం హాజరుపట్టీ పిలవడమే.

ఇంకొక మాట, కాస్త ఘాటుగా. మీరు రాయలేదు గాని, యూట్యూబులో ప్రసంగాలు రోజుకు ఎన్ని వింటున్నారు? బండి మీద ఒకటి, భోజనం దగ్గర ఒకటి, పడుకునే ముందు ఒకటి వినేవాళ్లు తక్కువేం లేరు. ఒక్కరు చెప్పినదీ చేయకుండా ముగ్గురిని వింటే చెవి మొద్దుబారుతుంది. హెబ్రీ పత్రిక 5వ అధ్యాయంలో "వినుటకు మందులైన" వారని రాసింది వాక్యం అసలు విననివాళ్ల గురించి కాదు, ఎప్పటి నుంచో వింటున్నవాళ్ల గురించే. ఎనిమిది వారాలు ఆదివారం ప్రసంగం తప్ప మరొకటి వినకండి. మహాసభలు, ఆల్ నైట్ ప్రేయర్లు అన్నీ మంచివే. కాని అక్కడి ఉద్వేగమే ఆత్మీయత అనుకునేవాడికి సోమవారం ఎప్పుడూ చప్పగానే ఉంటుంది. ఇశ్రాయేలీయులు మన్నాను "చవిసారములు లేని యీ అన్నము" అని అసహ్యించుకున్నారు (సంఖ్యాకాండము 21:5). అయినా ఎడారిలో నలభై ఏళ్లు వాళ్ల ప్రాణం నిలిపింది ఆ అన్నమే.

ఆదివారానికి పెద్ద మార్పులు అక్కర్లేదు. శనివారం రాత్రి పాస్టర్ గారిని వాక్యభాగం ఏమిటో అడిగి ఒకసారి చదివి వెళ్లండి. పదిహేను నిమిషాలు ముందు వెళ్లి చాపలు పరచండి, కుర్చీలు వేయండి, నీళ్ల క్యాన్ నింపండి. మైకు పట్టుకునే పని మాత్రం ఈ మధ్య వద్దు. విసుగులో ఉన్నవాడికి వేదిక మందులా కనబడుతుంది, మందు కాదు. రోజూ కూర్చునేచోట కాక, ఒంటరిగా వచ్చే ఒక పెద్దావిడ పక్కన మీ కుటుంబంతో కూర్చోండి. ఆమెను ఇంటి దగ్గర దింపి రండి. మూడు గంటల ఆరాధన అప్పుడూ మూడు గంటలే ఉంటుంది, కాని మీరు ప్రేక్షకుడిగా ఉండరు.

ఇక ఉద్దేశం సంగతి, మీ అసలు ప్రశ్న. వాగ్దాన కార్డు మీద 11వ వచనం ఒక్కటే అచ్చు వేస్తారు. ఆ అధ్యాయం మొదటి నుంచి చదివితే అది యిర్మీయా బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. వాళ్లూ మీలాగే ఇక్కడ మనకేం పని, ఎప్పుడు బయటపడతాం అనుకుంటున్నారు. త్వరలోనే వెళ్లిపోతామని చెప్పే ప్రవక్తలకు అక్కడ మంచి గిరాకీ ఉంది. దేవుడు మాత్రం 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అన్నాడు. 7వ వచనంలో మీరున్న పట్టణం క్షేమం కోరి దాని కోసం ప్రార్థించండి అన్నాడు. 10వ వచనంలో డెబ్బై ఏళ్లని గడువు చెప్పాడు. ఆ తర్వాతే మీ కార్డు మీది మాట. అంటే దేవుని ఉద్దేశం ఎక్కడో దాచిపెట్టిన చీటీ కాదు. ఇష్టంలేని ఊళ్లో ఇష్టంలేని రోజుల్లో ఏం చేయాలో అదే ఉత్తరంలో రాసి ఉంది.

మీ ఊరు ఆ బ్యాంకే. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు) వచ్చి "మేమేమి చేయవలెను" అని అడిగితే ఆయన సుంకపు మెట్టు వదిలి రమ్మనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు (లూకా 3). మీ కౌంటర్ దగ్గరికి దాన్ని తీసుకురండి. విత్‌డ్రాయల్ ఫారం నింపలేని ముసలాయనను రెండుసార్లు తిప్పకుండా పంపడం, టార్గెట్ కోసం అవసరం లేని పాలసీని డ్వాక్రా మహిళలకు అంటగట్టకపోవడం, రికవరీకి వెళ్లినప్పుడు నోరు జారకపోవడం. ఇవి సాక్ష్యం చెప్పుకోవడానికి పనికొచ్చే సంగతులు కావు గనుక మనం వీటిని పరిచర్య కింద లెక్కవేయం.

సంఘంలో చేయడానికి మీకు మాత్రమే తెలిసిన పని ఒకటి ఉంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్లవాళ్లు చేరవచ్చు, ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 2 లక్షలు. చేరిన కొత్తలో మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప వర్తించదు. సురక్షా బీమా 20 రూపాయలు, 70 ఏళ్ల దాకా. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు. మే చివర ఖాతాలో డబ్బు లేక ఎన్ని ఇళ్లలో అవి ఆగిపోతాయో, తండ్రి చనిపోయాక బీమా ఉందనే తెలియక ఎందరు క్లెయిమ్ చేయకుండా వదిలేస్తారో మీకు తెలుసు. పాస్టర్ గారి అనుమతితో ఆరాధన తర్వాత మందిరం వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చోండి. ఆదివారానికి రెండు కుటుంబాలు, అంతే. నలభై కుటుంబాల సంఘమైతే ఇరవై వారాలు. పాస్‌బుక్కు తెమ్మనండి. ఆ రెండు మొత్తాలు కట్ అయ్యాయా, నామినీ పేరు ఉందా, ఉన్న నామినీ బతికే ఉన్నారా చూడండి. పాస్‌బుక్కు ఇంట్లో ఎక్కడ ఉంటుందో భార్యాభర్తలిద్దరికీ తెలుసా అని అడగండి.

ఇది చెడిపోయేది రెండు చోట్ల. సంఘస్థుల ఖాతాలు బ్యాంకు కంప్యూటర్లో వాళ్లు అడగకుండా తెరిచి చూడకండి: అది నిబంధనకు విరుద్ధం, ఒకసారి తెలిస్తే మీ దగ్గరికి ఎవరూ రారు. ఆ బల్ల దగ్గర మీ బ్రాంచి పాలసీ ఒక్కటి కూడా అమ్మకండి. ఒక్కటి అమ్మినా మీరు చేసేది సేవ కాదు, మార్కెటింగ్ అయిపోతుంది. మూడో ఆదివారానికి ఇదీ విసుగనిపిస్తుంది, కాగితాలే కదా. "మేలు చేయుటయందు విసుకక యుందము" అని పౌలు గలతీయులకు రాశాడంటే, మేలు చేయడంలోనూ విసుగు వస్తుందని ఆయనకు తెలుసు.

చివరగా బైబిల్ కాలేజీ. నిజమైన పిలుపు ఆరు నెలల ఆలస్యానికి చచ్చిపోదు. ఈలోగా చూడవలసినవి ఇవి. మీరు వాక్యం చెబితే విన్నవాళ్లు ఎదుగుతున్నారని మీ స్నేహితులు కాకుండా వేరే ముగ్గురు, వీలైతే మిమ్మల్ని పొగడని ముగ్గురు, చెబుతున్నారా? సంఘ పెద్ద ఎలా ఉండాలో చెప్పే 1 తిమోతి 3 చదివి మీ భార్య ఏమంటారు? ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, "ప్రభువు నాతో మాట్లాడాడు" అని నిర్ణయం చెప్పేసి ఆమె నోరు మూయించకండి. లోన్లు ఎంత ఉన్నాయి, చదువుకునే ఏళ్లలో పాప స్కూలు ఫీజు ఎవరు కడతారు? పల్లెలో ఇరవైమంది కూడికలో ప్రతి బుధవారం, పాటలవాళ్లు కూడా లేకుండా, ఒక ఏడాది వాక్యం చెప్పగలరా? ఆ బుధవారాలే విసుగనిపిస్తే కాలేజీ ఆ విసుగును తీర్చదు. పాస్టర్ల పని చాలావరకు ఆ బుధవారాలే. వాక్యం లోతుగా చదవాలన్న దాహమే అయితే సెరంపూర్ (బైబిల్ విద్యలో డిగ్రీలిచ్చే సంస్థ) పద్ధతిలో ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదివే కోర్సులున్నాయి, రాజీనామా అక్కర్లేదు.

మార్కు పూర్తయ్యేసరికి రెండు నెలలు, వరండా బల్ల సగానికి వచ్చేసరికి దాదాపు రెండున్నర నెలలు. అప్పటికీ బిర్యానీ, క్రికెట్, పాప కూడా చప్పగానే ఉంటే ముందు డాక్టరును కలవండి. ప్రార్థన మాత్రమే పొడిగా ఉంటే పన్నెండు వచనాలు, ఇరవై నిమిషాలు అలాగే కొనసాగించండి. పాస్టర్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈసారి "నాకు విసుగ్గా ఉంది" అనడానికి బదులు మీ నోటుబుక్కులోని రెండో వరస, అర్థం కానివి, ఆయన ముందు పెట్టండి.